నీళ్ళు తాగకుండా నాలుగు గంటలు

"కరోనా కాలంలో గర్భంతో ఉండి ఉద్యోగం చేసినవాళ్ళ అనుభవం ఎలా ఉంది? మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే పని మానేయడమే మంచిదా?" అని అడిగారు.

నేను చేశాను. ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. 2020 అక్టోబరులో గర్భం అని తెలిసింది, 2021 జూన్‌లో పాప పుట్టింది. ఈ మధ్యలో ఎంతమంది ముక్కులో స్వాబ్ పెట్టానో లెక్కలేదు. మీ ప్రశ్నకు జవాబు చెబుతాను కానీ ముందు ఒక్క రోజు సంగతి చెప్పాలి. నా అభిప్రాయాలన్నీ ఆ రోజు నుంచి వచ్చినవే.

ఏడో నెల, మార్చి ఆఖరు. ఆ పొద్దున ఇద్దరు డ్యూటీకి రాలేదు. ఒకరికి పాజిటివ్, ఆవిడతో కలిసి పనిచేసిన ఇంకొకరు క్వారంటైన్. బయట లైను పెద్దదిగా ఉంది. పీపీఈ కిట్ ఒకసారి విప్పితే మళ్ళీ తొడుక్కోకూడదు, పారేయాల్సిందే. మాకు షిఫ్టుకు ఒకటే ఇచ్చేవాళ్ళు. అందుకని కిట్ వేసుకునే ముందు నీళ్ళు తాగడం మానేయడం మా అందరికీ అలవాటైపోయింది. మామూలు మనిషికే అది కష్టం. గర్భిణికి అది ప్రమాదం కూడా. నీళ్ళు తక్కువైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, అది ముదిరితే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. ఇది నాకు తెలుసు. అలాంటి రిపోర్టులు ఇచ్చేదాన్ని నేనే. తెలిసి కూడా తాగలేదు.

పదకొండు దాటాక ఒకాయన వచ్చి కూర్చున్నాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, ఏదో అడగబోయి, నా ముఖం మీదే దగ్గాడు. మాట్లాడటానికి మాస్కు దించేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నోరు మూసి ఉన్నంతసేపూ కప్పుకుని, తెరిచేటప్పుడు తీసేస్తే ఆ మాస్కు దేనికి? ఫేస్ షీల్డ్ ఉంది, లోపల ఎన్95 ఉంది, అయినా గుండె ఝల్లుమంది. చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది. గ్లవ్స్ ఉన్నాయని గుర్తొచ్చి మధ్యలోనే ఆపేశాను.

అప్పుడు తట్టింది, పొద్దుట్నుంచి బిడ్డ కదిలిన గుర్తు లేదని.

కదల్లేదా, పనిలో పడి నేనే గమనించలేదా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఆయన నమూనా తీసి, ట్యూబు మూత బిగించి, పేరు రాసి పెట్టాను. చేతులు వాటంతట అవే పనిచేశాయి. ఆ తర్వాత కిట్ విప్పడం. అంతా చించుకుని బయటపడాలని ఉంటుంది, కానీ కుదరదు. ముందు గ్లవ్స్, తర్వాత గౌను, చేతులు శుభ్రం చేసుకోవాలి, అప్పుడు షీల్డ్, చివరికి మాస్కు. ఒక్కటి తప్పినా అంతసేపు జాగ్రత్తగా ఉన్నదంతా వృథా. హౌస్‌కీపింగ్ అక్క నా వాలకం చూసి దూరం నుంచే "నిదానం, నిదానం" అంటూ నిలబడింది. ఆవిడ మాట వింటూనే నేను ఆ పది నిమిషాలూ గడిపాను.

స్టోర్ రూమ్‌లో అట్టపెట్టెలు పరిచి ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టింది. సీసాడు నీళ్ళు తాగాను. గోడ మీద గడియారం చూస్తూ పడుకున్నాను. ఇరవై నిమిషాలు దాటాక పక్కటెముకల కింద చిన్నగా ఒక తన్ను. తర్వాత ఇంకొకటి. అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత నీరసం.

సాయంత్రం మా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. "చూడమ్మా, మేమెవరం నిన్ను బలవంతం చేయలేదు. రావడం, రాకపోవడం నీ ఇష్టం" అన్నారు. ఆ "నీ ఇష్టం" అన్న మాట నన్ను ఇన్నేళ్ళయినా వదల్లేదు. రాకపోతే జీతం లేని సెలవు, లేదంటే కాన్పు సెలవులోంచి కోత. వస్తే స్వాబ్ టేబుల్. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమని చెప్పి దానికి ఇష్టం అని పేరు పెడితే ఎలా?

గర్భిణికి ముప్పు ఎక్కువని 2020లో ఎవరికీ తెలియదంటే నేను ఒప్పుకోను. 2009 స్వైన్ ఫ్లూలోనూ గర్భిణులు ఎక్కువగా దెబ్బతిన్నారు. గర్భసంచి పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రం అనే కండరం పైకి జరిగి ఊపిరితిత్తులకు జాగా తగ్గుతుంది, శరీరానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే గుణమూ ఎక్కువవుతుంది. కరోనా దాడి చేసేదీ ఆ ఊపిరితిత్తుల మీదే, అదీ రక్తం గడ్డకట్టిస్తుంది. ఇది చూడటానికి పెద్ద పరిశోధన ఏం కావాలి?

టీకా సంగతి ఇంకా బాధ. మా ల్యాబ్‌లో అందరి పేర్లూ జాబితాలో ఉన్నాయి, నా పేరు కొట్టేశారు. టీకాను మనుషుల మీద పరీక్షించే మొదటి పెద్ద ట్రయల్స్‌లో ఫైజర్ కంపెనీ గానీ మోడెర్నా గానీ గర్భిణులను చేర్చుకోలేదు కాబట్టి సమాచారం లేదన్నారు. గర్భిణులతో ఫైజర్ ట్రయల్ మొదలుపెట్టింది 2021 ఫిబ్రవరిలో. అడిగితే అందరూ థాలిడమైడ్ పేరు చెబుతారు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చిన ఆ మందును వేవిళ్ళకు వాడారు, పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు, 1961లో వెనక్కి తీసుకున్నారు. కానీ గర్భంలో ఏం చేస్తుందో సరిగ్గా పరీక్షించకుండా అమ్మడం వల్లే కదా అది జరిగింది! దాన్నుంచి నేర్చుకోవలసింది జాగ్రత్తగా పరీక్షించాలని. మమ్మల్ని మొత్తంగా పక్కన పెట్టాలని కాదు. టీకా జాబితాలో నేను గర్భిణిని, డ్యూటీ చార్టులో మాత్రం అందరిలాంటి దాన్నే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ గర్భిణులందరూ టీకా వేయించుకోవాలని స్పష్టంగా చెప్పింది 2021 ఆగస్టులో. అప్పటికి మా పాపకు రెండో నెల.

ఇక మీరు అడిగిన దానికి. మానేయకండి. ఇంట్లోవాళ్ళు "ఆ ఉద్యోగం లేకపోతే ఏం?" అంటారు. నాకూ అన్నారు. ప్రేమతోనే అన్నారు, కానీ కాన్పయ్యాక తిరిగి వెళ్ళడానికి చోటు ఉంటుందో లేదో వాళ్ళు ఆలోచించరు. మానాల్సింది ఉద్యోగం కాదు, ఆ ఒక్క పని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లోనే 183వ ఒప్పందంలో గర్భిణి ఆరోగ్యానికి ముప్పున్న పని చేయించకూడదని రాసింది. ముందు ముప్పు తీసేయాలి, కుదరకపోతే పని పద్ధతి మార్చాలి, అదీ కుదరకపోతే జీతం తగ్గకుండా వేరే పనికి మార్చాలి, ఏదీ కాకపోతే జీతంతో సెలవు ఇవ్వాలి అని దానితోపాటు చేసిన సిఫారసులో వరుసగా ఉంది. ఆ ఒప్పందాన్ని ఆమోదించిన దేశాలు తక్కువే. అయినా ఆ వరుస గుర్తుపెట్టుకుని అడగండి.

నేను చేసిన పొరపాటు నోటితో అడగడం. నాలుగో నెలలోనే చెప్పాను, "చూద్దాం" అన్నారు. స్టోర్ రూమ్ సంగతి జరిగిన మర్నాడు డాక్టరమ్మ దగ్గర ఉత్తరం రాయించుకుని ఇచ్చాను. రెండో రోజుకల్లా నన్ను రిపోర్టుల గదికి మార్చారు. అంటే ఆ కుర్చీ అన్నాళ్ళూ అక్కడే ఉంది. ఏ ల్యాబ్‌లోనైనా, ఏ ఆఫీసులోనైనా అలాంటి కుర్చీ ఒకటి ఉంటుందనే నా నమ్మకం. లేదన్నవాళ్ళు వెతకలేదంతే.

ఉత్తరంలో "వీలైతే" అన్న మాట లేకుండా చూసుకోండి. ఫలానా తేదీ నుంచి ఫలానా పని చేయించకూడదని తేదీతో సహా రాయమనండి. ఇచ్చేటప్పుడు ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకుని ఇంట్లో పెట్టుకోండి.