హోంవర్క్ పుస్తకాలు దిద్దబోయే మా అమ్మలుకి

అమ్మలూ,

మూడో తరగతి ఇంగ్లిష్ నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. హోంవర్క్ పుస్తకాలు ఎలా దిద్దాలో చెప్పమన్నావు కదా, ఇన్నేళ్ల పనిలో నాకు గట్టి నమ్మకం కుదిరిన సంగతులే రాస్తున్నాను.

ముందు పెన్ను పక్కన పెట్టి పేజీ మొత్తం చదువు. పెన్ను చేతిలో ఉంటే కన్ను తప్పుల వెంటే పోతుంది. ఒక పాప ఇలా రాసిందనుకో: ‘ఐ గోడ్ టు మై గ్రాండ్‌మా హౌస్. షి హ్యావ్ టూ క్యాట్స్. దే ఈజ్ వైట్. ఐ లైక్ ద స్మాల్ క్యాట్ బికాజ్ షి ఈజ్ స్లీప్ ఆన్ మై లెగ్.’ లెక్కపెడితే ఐదు తప్పులు తేలతాయి. కానీ ఆ చివరి వాక్యం చూడు. పిల్లి ఇష్టమని చెప్పి ఊరుకోకుండా ‘బికాజ్’ పెట్టి ఎందుకిష్టమో కూడా చెప్పింది. ఆ వయసుకి అది చిన్న విషయం కాదు. నువ్వు మొదట రాయాల్సింది దాని గురించే: ‘చిన్న పిల్లి ఎందుకు ఇష్టమో చక్కగా చెప్పావు. నీ కాలి మీద నిద్రపోతున్నట్టే కనిపించింది నాకు.’

ఇక ఆ ‘గోడ్’ సంగతి. జరిగిపోయినదానికి చివర ‘ఈడీ’ చేర్చాలని తెలిసిన పిల్లే అలా రాస్తుంది. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చిన్నపిల్లలకి ఎక్కడా లేని ఒక జీవి బొమ్మ చూపించి, దీని పేరు ‘వగ్’, ఇవి రెండుంటే ఏమంటారని అడిగింది. చాలామంది ‘వగ్స్’ అన్నారు. ఆ మాట వాళ్లు అంతకుముందు విన్నది కాదు, లోపల రూల్ పనిచేస్తోందన్నమాట. మన పాపలోనూ అదే జరిగింది. అందుకని ఊరికే కొట్టేసి ‘వెంట్’ అని పైన రాయకు. ‘ఈడీ గుర్తుపెట్టుకున్నావు, భేష్. గో మాత్రం వెంట్‌గా మారుతుంది. ఇంకో వాక్యం రాసి చూపించు’ అని రాయి.

మిగతా నాలుగు తప్పులూ ఆ రోజుకి వదిలెయ్. ఏ తప్పు పట్టుకోవాలంటే, ఆ వారం నువ్వు పాఠంలో చెప్పినదానికి సంబంధించింది పట్టుకో. ఐదింటినీ ఒకేసారి దిద్దితే పాప ఒక్కటీ గుర్తుపెట్టుకోదు, పైగా తర్వాతిసారి తప్పు రాదని నమ్మకమున్న రెండు ముక్కలు రాసి ఊరుకుంటుంది. అదే నాకు అన్నిటికంటే బాధ. అయితే అమ్మానాన్నలు ‘టీచర్ తప్పులు చూడనేలేదు’ అనుకోవచ్చు. ‘ఈ వారం జరిగిపోయినదాన్ని చెప్పే క్రియలు మాత్రమే దిద్దుతున్నాను’ అని పుస్తకం మొదటి పేజీలో ఒక ముక్క రాసిపెడితే ఆ గొడవ ఉండదు.

స్పెల్లింగ్ దగ్గర ఇంకా నిదానం కావాలి. 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనులు పలికించే భాష ఇది. పిల్లలు చెవికి వినపడ్డట్టు రాస్తారు, అందులో తప్పేముంది? ‘ఫ్రెండ్’ రాస్తూ ‘ఐ’ మర్చిపోయాడనుకో, ఆరింటిలో ఐదు అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి కదా. ఆ ఐదింటి కింద చిన్న చిన్న టిక్కులు పెట్టి, ‘ఐ’ రావాల్సిన చోట ఖాళీ గీత గియ్యి. వాడే నింపుకుంటాడు. పదిసార్లు రాయించే శిక్ష మాత్రం వద్దు. నాలుగోసారికే చెయ్యి రాస్తుంటుంది, మనసు ఆటలో ఉంటుంది.

మార్కుల మాటకొస్తే, 1988లో రూత్ బట్లర్ అనే ఆవిడ ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన పరిశోధన నీకు పనికొస్తుంది. కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలే రాశారు, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లే మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్ల తీరు మార్కులే అందుకున్నవాళ్లలాగే ఉంది. అంకె కనబడగానే కళ్లు దానిమీదికే పోతాయి మరి! మీ స్కూల్లో మార్కులు తప్పనిసరైతే వాటిని నీ రిజిస్టర్‌లో వేసుకో, పుస్తకంలో మాటలే ఉండనీ.

ఆ మాటలు కూడా పిల్లలు చదవగలిగేలా ఉండాలి. కలిపిరాతలో ‘ఎక్సలెంట్ ప్రెజెంటేషన్’ అని రాస్తే మూడో తరగతి పిల్లకి ఏం తెలుస్తుంది? విడి అక్షరాల్లో, చిన్న వాక్యాల్లో రాయి. అవసరమైతే ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయి, ఫర్వాలేదు. ఊరికే ‘గుడ్’ అని రాస్తే ఏది బాగుందో తెలియదు. ‘నువ్వు చాలా తెలివైనదానివి’ అని కూడా రాయకు, కష్టమైన లెసన్ రాగానే ఆ పేరు పోతుందని భయపడుతుంది. ఎర్ర పెన్నా, ఆకుపచ్చ పెన్నా అనే చర్చకి ఎక్కువ టైమ్ పెట్టనక్కర్లేదు.

పుస్తకాలు తిరిగిచ్చిన రోజు పాఠం మొదలుపెట్టకముందు ఐదు నిమిషాలు వాళ్లకే వదిలెయ్. వ్యాఖ్య చదువుకుని, చెప్పిన ఆ ఒక్కటీ అక్కడే సరిచేసుకోవాలి. ఈ ఐదు నిమిషాలు లేకపోతే రాత్రి నువ్వు రాసిందంతా సంచిలోకి పోతుంది.

ఖాళీ పేజీ తెచ్చినవాడిని అందరి ముందూ అడగకు. పక్కన కూర్చోబెట్టుకుని మొదటి వాక్యం వాడి నోటితో చెప్పించు, రాయించు. ఆ ఒక్క వాక్యానికీ నిండు వ్యాఖ్య రాయి.

మొదటి కట్ట దిద్దాక ఏ పుస్తకం దగ్గర ఏం రాయాలో తోచక ఆగిపోయావో, ఆ పిల్ల రాసింది ఉన్నదున్నట్టు నాకు రాసి పంపు. ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ