శ్రీలంకలో వారం రోజులకు ఏయే ఊళ్లు పెట్టుకోవాలి?

ముందు ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి, మిగతాదంతా దాన్ని బట్టే. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల దక్షిణ తీరంలోని గాలె, మిరిస్సా వైపు వానలు, సముద్రం కూడా అల్లకల్లోలం. మధ్యలోని కొండలు మేఘాలను ఆపేయడంతో తూర్పున ట్రింకోమలీలో మాత్రం ఎండ కాస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా అయితే దక్షిణ తీరమే మేలు. రెండు తీరాలూ చుట్టేద్దామనుకుంటే సగం సెలవు వ్యాన్‌లోనే అయిపోతుంది. ఒక తీరం, కొండల మధ్య ఉన్న క్యాండీ, రాతికోట ఉన్న సిగిరియా చాలు. నువారా ఎలియా కూడా కలిపితే స్వెటర్ పెట్టుకోండి, 1,800 మీటర్ల పైన చలి బాగానే ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సిగిరియాకు దగ్గర్లోని మిన్నేరియా చెరువుకు ఏనుగుల మందలు వస్తాయి. నన్నడిగితే, బీచ్‌లో ఒకరోజు తగ్గించుకునైనా వాటిని చూడాలి.