తల్లి కొరకొరా చూడదు

చిరంజీవికి,

నీ ఇంగ్లిష్ కథ మూడో పేజీలో ఆగిపోయాను. జ్వరంతో నిద్రపోతున్న కొడుకు పక్కన కూర్చుని తల్లి రాత్రంతా వాణ్నే చూస్తూ ఉంటుంది. అక్కడ నువ్వు రాసిన మాట ‘గ్లేర్’. అంటే కోపంగా చూడటం. నీకు కావలసింది ‘గేజ్’, అంటే రెప్పవాల్చకుండా చూడటం. తెలుగులో రాస్తే ఆ తల్లి చేత కొరకొరా చూపించేదానివా? కథ బాగుంది. అందుకే ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

పై వాక్యాల్లో ‘లుక్’, ‘స్టేర్’ అయిపోయాయి కనుక థిసారస్, అంటే దగ్గరి అర్థాల మాటల్ని ఒకచోట చేర్చిన పుస్తకం, తెరిచి ఉంటావు. 1852లో ఆ పుస్తకం వేసిన డాక్టర్ పీటర్ మార్క్ రోజె ముందుమాటలోనే చెప్పాడు: అర్థాలు వివరించడం తన పని కాదని, అవి పాఠకుడికి ముందే తెలుసని అనుకుని మాటల్ని వర్గాలుగా పేర్చానని. ఆ మాట ఎవరూ చదవరు. ‘ఆస్క్’, ‘క్వశ్చన్’, ‘ఇంటరాగేట్’ పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది పాత ఇంగ్లిష్‌ది, రెండోది ఫ్రెంచి నుంచి, మూడోది లాటిన్ నుంచి వచ్చాయి. అమ్మ అడుగుతుంది, పోలీసు ఇంటరాగేట్ చేస్తాడు.

ఒకే మాట రెండుసార్లు రాకూడదన్న ఫ్యాషన్ మీద నాకు చాలా కోపం. ఒక ఎడిటర్ నా కథలో ‘సెడ్’ అన్న చోటల్లా ‘రిటార్టెడ్’ (ఎదురు జవాబిచ్చాడు), ‘ఎక్స్‌క్లెయిమ్డ్’ (గట్టిగా అరిచాడు) అని దిద్దాడు. మెల్లగా మాట్లాడుకునే అన్నదమ్ములు అచ్చులో పోట్లాడుకున్నారు.

నా తప్పూ చెబుతాను. నా మొదటి ఇంగ్లిష్ సమీక్షలో ఒక పెద్ద కవి నవ్వును ‘చైల్డిష్’ అన్నాను. పసిపాప నవ్వు అని నా ఉద్దేశం. దానికి ‘చైల్డ్‌లైక్’ అనాలి. ‘చైల్డిష్’ అంటే పెద్దయినా పోని పిల్లచేష్ట. ఆయన చదివారు. తర్వాత ఎదురుపడినా పలకరించలేదు. క్షమించమని ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. ఇప్పటికీ ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగుతుంది.

అందుకే చెబుతున్నాను, డిక్షనరీలో అర్థంతో సరిపెట్టుకోకు. ఆ అర్థం కింద అందులోనే ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదువు. ఏ మాట ఏ మాటతో తిరుగుతుందో చూడు. గాలికి ‘స్ట్రాంగ్’ అంటారు, వానకు ‘హెవీ’ అంటారు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. అది తర్వాత. పదకొండో పేజీలో తండ్రిని ‘చీప్’ అన్నావు. పొదుపరి అనుకుని రాశావా, పిసినారి అనే రాశావా? పొదుపరి అయితే ‘థ్రిఫ్టీ’ అనాలి. పిసినారి అయితే చివర్లో కూతురు ఏడవడం నేను నమ్మలేను. ఏ సంగతో రాయి.