పిల్లల్ని రేవుకు తీసుకెళ్లే ముందు

చి. సుజాతకు పెద్దనాన్న ఆశీస్సులు.

నీ బడిలో సముద్ర జీవుల మీద పిల్లల చేత పనులు చేయిస్తూ పాఠం చెప్పబోతున్నావని తెలిసి మనసు నిండింది తల్లీ. బరంపురం నుంచి గోపాలపూర్ పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. అయినా పీతకు ఎన్ని కాళ్లో మన పిల్లల్లో చాలామంది చెప్పలేరు. నువ్వు పట్టుకున్నది అవసరమైన పని. నాకు తెలిసిన సంగతులు రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెబుతాను. చచ్చినదాన్ని పిల్లల చేతికివ్వు, బతికున్నదాన్ని కంటికి మాత్రమే చూపించు. బతికున్న పీతల్నీ చేపల్నీ బకెట్లో బడికి తెచ్చే ఆలోచన పెట్టుకోకు. కుళాయి నీళ్లలో ఉప్పు ఉండదు, క్లోరిన్ ఉంటుంది. మూత పెట్టిన బకెట్లో గాలి చాలదు, గంట గంటకూ నీరు వేడెక్కుతుంది. మధ్యాహ్నానికి అవి చస్తాయి. ఆ రోజు పిల్లలకు గుర్తుండేది చావు ఒక్కటే.

తరగతి పనికి కావలసినదంతా రేవులోనే దొరుకుతుంది. తెల్లవారి పడవలు ఒడ్డుకు చేరే వేళకు వెళ్లు. 36 మంది పిల్లలుంటే ఆరుగురి చొప్పున ఆరు జట్లు చెయ్యి. జట్టుకు రెండు కానాగంతలు, ఒక పీత, రెండు రొయ్యలు, ఒక స్క్విడ్ చాలు. చేప ఎంత బరువో ఐసు కూడా అంత బరువు ఉండాలి, ముక్కలు కొట్టినదే పొయ్యాలి. పెద్ద గడ్డ వేస్తే చేపకు ఒక పక్కే చల్లదనం తగులుతుంది, రెండో పక్క మెత్తబడుతుంది. స్క్విడ్‌ను మాత్రం శుభ్రం చెయ్యకుండా ఇమ్మని ముందే చెప్పు. లేకపోతే నీకు కావలసిన సిరా సంచి రేవులోనే పోతుంది.

రొయ్య, పీత పడని పిల్లలు ఉంటారు. కొందరికి తినక్కర్లేదు, ముట్టుకున్నా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అందుకని వారం ముందే తల్లిదండ్రుల్ని అడిగి రాసుకో. చేపలు తినని ఇళ్ల పిల్లలు, వాసన గిట్టని పిల్లలు కూడా ఉంటారు. వాళ్లని బలవంతపెట్టకు. కొలతలు రాసే పని, బొమ్మ గీసే పని వాళ్లకివ్వు. చాలాసార్లు అందరికంటే బాగా గమనించేది వాళ్లే.

పని మొదలుపెట్టే ముందు ఒక తెల్ల కాగితం ఇచ్చి, చూడకుండా పీత బొమ్మ గీయమను. ఆ కాగితాలు తీసి దాచు. తర్వాత పీతను పళ్లెంలో పెట్టి కాళ్లు లెక్కపెట్టించు. డెక్కలతో కలిపి పది. సముద్రపు పీతకు చివరి జత కాళ్లు తెడ్డులా చదునుగా ఉంటాయి. అవి ఎందుకలా ఉన్నాయో నువ్వు చెప్పకు, వాళ్లే చెబుతారు. తర్వాత పీతను వెల్లకిలా తిప్పించు. పొట్ట మీది మడత సన్నగా, కోణంగా ఉంటే మగది, వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది. ఆరు జట్ల పీతల్నీ పక్కపక్కన పెట్టి ఆడా మగా వేరు చేయించు. చివర్లో మళ్లీ బొమ్మ గీయించి రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, పిల్లలు ఏం నేర్చుకున్నారో నీకు తెలుస్తుంది. వేరే పరీక్ష అక్కర్లేదు.

చేపకు మొప్ప మూత ఎత్తించి భూతద్దంతో చూపించు. ఎర్రటి పోగులు ఊపిరికి, వాటికి ఎదురుగా దువ్వెన పళ్లలా ఉన్నవి నీళ్లలోంచి మేత వడకట్టడానికి. స్క్విడ్ కడుపును కత్తెరతో పైపైన, నిలువుగా కోయాలి. బ్లేడు లోతుగా దించితే సిరా సంచి పగిలి అంతా నల్లబడుతుంది. వెండిలా మెరిసే ఆ సన్నటి సంచిని పట్టకారుతో ఎత్తి, చిన్న గిన్నెలో చిదిమి, నాలుగు చుక్కల నీళ్లు కలుపు. వీపు లోపల ప్లాస్టిక్ ముక్కలా పారదర్శకంగా ఉన్న పుల్లను లాగి, దాన్ని ఆ సిరాలో ముంచి ఒక్కొక్కరి పేరు రాయించు. స్క్విడ్ కలమూ స్క్విడ్ సిరాయే! ఆ కాగితాన్ని పిల్లలు ఏళ్ల తరబడి దాచుకుంటారు. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడగాలి. మిగిలిన చేపల్ని ఎవరూ వండుకోకూడదు, గొయ్యి తీసి పాతిపెట్టండి.

ఉప్పు నీళ్ల పాఠంలో చాలామంది పొరపడతారు. సముద్రపు నీళ్లలో గుడ్డు తేలుతుందని చెప్పేస్తారు. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంత కలిపి తాజా గుడ్డు వేస్తే మునుగుతుంది, పిల్లలు నీ ముఖం వైపు చూస్తారు. లీటరుకు నూరు గ్రాములు దాటాకే పైకి లేస్తుంది. ఆ లెక్క వాళ్ల చేతే కొద్దికొద్దిగా కలిపించి కనిపెట్టించు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో బంగాళదుంప చక్రాలు అరగంట ఉంచితే వాడిపోయి వంగుతాయి. ఉప్పు నీళ్లు ఒంట్లోని నీటిని లాగేస్తే సముద్రంలో తాబేలు ఎలా బతుకుతుందని ఇక్కడ అడుగు. దాని కంటి దగ్గర ఉప్పును బయటికి తోసే గ్రంథి ఉంది. గుడ్లు పెట్టేటప్పుడు కారేది అదే, ఏడుపు కాదు.

మన గంజాం జిల్లాలో ఉండి ఆలివ్ రిడ్లే తాబేలు పాఠం చెప్పకపోతే తప్పే. రుషికుల్య నది సముద్రంలో కలిసే మోహన దగ్గర, పొడంపేట వైపు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అవి గుంపులుగా ఒడ్డెక్కుతాయి. ఏటా అదే లెక్కలో రావు, కొన్నేళ్లు గుంపు అసలు రాదు, కాబట్టి చూపిస్తానని పిల్లలకు మాటివ్వకు. బడి ఇసుకలోనే గూడు కట్టించు. టేబుల్ టెన్నిస్ బంతి 40 మిల్లీమీటర్లు, రిడ్లే గుడ్డు కూడా ఇంచుమించు అంతే. గూటికి సుమారు నూరు గుడ్లుంటాయి. డజను బంతులు కొని, మిగతావి మట్టి ఉండలు చేయించు. గొయ్యి 45 సెంటీమీటర్ల లోతు, కూజాలా మెడ సన్నం, అడుగు వెడల్పు. తాబేలు వెనక కాళ్లతో, చూడకుండా తవ్వుతుంది. అందుకే పిల్లల్ని వీపు గొయ్యి వైపు తిప్పి కూర్చోబెట్టి, అరచేతిని దోసిలిలా వంచి తవ్వమను. పొడి ఇసుకలో గోడలు కూలిపోతాయి, ముందు రోజు రాత్రి నాలుగైదు బకెట్లు నీళ్లు పోసి ఉంచు. ఎవరి గొయ్యి కూలినా తిట్టకు. తాబేలు తడి ఇసుక దాకా ఎందుకు తవ్వుతుందో వాళ్లకు ఆ కూలిన గొయ్యే చెబుతుంది. అసలు గూట్లోంచి తాబేలు పిల్లలు బయటికి రావడానికి ఆరేడు వారాలు పడుతుంది. ఇసుక బాగా వెచ్చగా ఉంటే ఆడవే ఎక్కువ పుడతాయి.

నీ తరగతిలో జాలరి ఇళ్ల పిల్లలు కూడా ఉంటారు, ఇక్కడ మాట జాగ్రత్త. రుషికుల్య, దేవి, ధామ్రా మోహనాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం. ఆ నెలల్లో వాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగడమే కష్టమవుతుంది. వలలో తాబేలు చస్తోందని చెప్పి ఆ పిల్లల్ని దోషుల్లా నిలబెట్టకు. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, ట్రాలు వల గంటల తరబడి నీటి అడుగున లాగితే అది రాలేదు. ఇంతే చెప్పి, తాబేలును వలలోంచి తప్పించే చువ్వల చట్రానికి నమూనా చేయించు. చీపురు పుల్లల్ని రెండు సెంటీమీటర్ల ఎడంతో అట్టముక్కకు కట్టి, 45 డిగ్రీల వాలులో ఉల్లిపాయల సంచి మూతికి అడ్డంగా పట్టుకుని, పైనుంచి గోళీలు, ఒక టెన్నిస్ బంతి వదలండి. రొయ్యల్లాంటి గోళీలు సందుల్లోంచి సంచిలో పడతాయి, తాబేలులాంటి బంతి వాలు మీద దొర్లి పక్కకు పోతుంది. వాలు తగ్గితే బంతి అక్కడే కూర్చుని గోళీలకూ అడ్డం పడుతుంది. అసలు చట్రంలో చువ్వల ఎడం సుమారు పది సెంటీమీటర్లు. దీని గురించి మాట్లాడటానికి ఏ పిల్లాడి నాన్ననైనా పిలిస్తే అంతకంటే మంచి గురువు దొరకడు.

ఒడ్డుకు తీసుకెళ్లేటప్పుడు పదిమందికి ఒక పెద్ద మనిషి తప్పదు. గోపాలపూర్ ఒడ్డు ఏటవాలు, అల లాగేస్తుంది, కాబట్టి తడి ఇసుక గీత దాటకూడదు. పొద్దున్న ఎనిమిది లోపు వెళితే ఇసుక పీతలు కనిపిస్తాయి, ఎండెక్కాక బొరియల్లోకి పోతాయి. బొరియలకు మూడు మీటర్ల దూరంలో కదలకుండా ఐదు నిమిషాలు కూర్చోమను. తర్వాత నాలుగు మేకులు, తాడుతో మీటరు చదరం కట్టి, నీటి అంచున, మధ్యలో, సరుగుడు తోట దగ్గర బొరియలు లెక్కపెట్టించు. జనం ఎక్కువగా తిరిగే చోట కూడా ఒకటి కట్టించు.

ఒడ్డున పడి ఉన్న జెల్లీ చేపను, పామును, శంకువులా ఉన్న నత్త గుల్లను ముట్టుకోవద్దని బయల్దేరే ముందే చెప్పు. సముద్రపు పాముకు తోక తెడ్డులా చదునుగా ఉంటుంది, చచ్చినట్టు పడి ఉన్నా నమ్మకూడదు. టేకు చేప ముల్లో జెల్ల ముల్లో గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటు ముంచి ఉంచి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. నీళ్ల వేడి నీ చేతితో ముందు చూసుకో, నొప్పిలో పిల్లలకు కాలేది తెలియదు.

గుల్లల పెట్టె కడితే ఖాళీ గుల్లలే ఏరండి, లోపల సన్యాసి పీత ఉందేమో ఒకటికి రెండుసార్లు చూడండి. పగడం, సముద్ర గుర్రం, తాబేలు చిప్ప, పొదిగిన గుడ్డు పెంకు ఏవీ పెట్టెలోకి రాకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని దగ్గర పెట్టుకోవడమే నేరం. అవి చూపించాలంటే గోపాలపూర్‌లో ఉన్న జూలాజికల్ సర్వే వారి కేంద్రానికి ముందే ఉత్తరం రాసి అడుగు. గాజు సీసాల్లో ఫార్మలిన్ వాడకు, ఆ ఆవిరి పిల్లలకు మంచిది కాదు.

తాబేలు పిల్లలు సముద్రానికి పోయే రాత్రి చూపించాలనుకుంటే అటవీ శాఖ అనుమతి తీసుకో. టార్చీలకు ఎర్ర కాగితం కట్టాలి, ఫోను లైటు వెలగకూడదు. తెల్ల వెలుతురుకు అవి ఊరి వైపు తిరుగుతాయి. తాబేలు పిల్లల్ని ఎవరినీ చేతులతో ఎత్తి నీళ్లలో వేయనివ్వకు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకు పోవు, రేవులో రకాలు తగ్గుతాయి. అందుకని తరగతి పనిని డిసెంబరు, జనవరిలోనే పెట్టుకో. అనుమతి ఉత్తరాలు అక్టోబరులోనే రాసి పంపు. జవాబు వచ్చాక నాకో మాట రాయి, భూతద్దాలు ఎన్ని కావాలో చెబితే పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న