పూసల బడి నుంచి నవోదయ పరీక్షకు

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు నిండాయి. నల్లగొండలోనే మాంటిస్సోరి బడిలో చదువుతున్నాడు, వచ్చే ఏడు ఐదో తరగతి. ఇప్పటికీ పరీక్షల్లేవు, హోంవర్క్ లేదు. లెక్కలంటే పూసలు ముందేసుకుని కూర్చుంటాడు. మా ఆడబిడ్డ కొడుకు పంతొమ్మిదో ఎక్కం గడగడా చెప్తాడు. మా మామయ్య రోజూ "వీడు చలకుర్తి నవోదయకు ఏం రాస్తడు?" అంటారు. ఆరో తరగతి నుంచి హాస్టల్లో ఉండి చదివే ఆ సర్కారు బడికి పరీక్ష ఐదో తరగతిలోనే రాయాలి కదా. నాకు టెన్షన్ పట్టుకుంది. బడి మార్చేదా?
- ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, మాంటిస్సోరి చిన్నపిల్లల చదువు అని మీ మామయ్యగారు అనుకుంటే తప్పు పట్టను. ఈ పద్ధతి మొదలుపెట్టిన ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తెరిచిన మొదటి బడి బుడతలదే. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్ల చదువుకు ఇప్పటి రూపం రావడంలో మాత్రం మన దేశానికి పెద్ద పాత్రే ఉంది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి బ్రిటిష్ వాళ్లు ఆమెను స్వేచ్ఛగా తిరగనివ్వలేదు. కొడైకెనాల్‌లో ఉన్న ఆ రోజుల్లోనే పెద్ద పిల్లలతో పనిచేశారు.

ఇక పూసల సంగతి. మీవాడు 346ను 27తో గుణిస్తున్నాడనుకోండి. గళ్ల పలక మీద ఒకట్ల గడి ఆకుపచ్చ, పదులది నీలం, వందలది ఎరుపు. ఆరేసి పూసలు గుచ్చిన కడ్డీలు ఏడు తీసి ఆకుపచ్చ గడిలో పెడతాడు, నాలుగు పూసలవి ఏడు నీలంలో, మూడు పూసలవి ఏడు ఎరుపులో. తర్వాత రెండు పదులకు పై వరుసలో అలాగే. ఒకే రంగు గళ్లలోవి ఏటవాలుగా కిందికి జరిపి కలిపి, పది అయినప్పుడల్లా పక్క గడికి ఒకటి పంపుతాడు. 9,342 వస్తుంది. మనం బడిలో రెండో వరుసలో ఒకట్ల చోట గుణకారం గుర్తు పెట్టి ఒక స్థానం వదిలేవాళ్లం చూడండి, ఎందుకు వదులుతున్నామో మాకెవరూ చెప్పలేదు. వాడికి అది చేతికి తెలుసు.

అయితే ఆ పూసలు ఎప్పటికీ ఉండిపోకూడదు. ఇది నా తప్పుతో నేర్చుకున్నా. మహబూబ్‌నగర్‌లో ఓ బడిలో తొమ్మిది నుంచి పన్నెండేళ్ల గది నాదే. ఒక పాప భాగహారం ఎప్పుడూ పూసలు నింపిన గాజు గొట్టాలతోనే చేసేది. పిల్ల ఇష్టం కదా అని వదిలేశాను. ఆరో తరగతికి వేరే బడికి వెళ్లి, నోట్‌బుక్ ముందేసుకుని, గొట్టాలు లేక ఏడ్చిందట. వాళ్లమ్మ చెబుతుంటే తల ఎత్తలేకపోయాను. పదేళ్లు వచ్చేసరికి "టీచర్, ఇవొద్దు, కాగితం మీద చేస్తా" అని పిల్లలే అనాలి. అనకపోతే టీచరే మెల్లగా అక్కడికి తేవాలి.

అందుకే బడి మార్చేముందు ఒక పొద్దున వెళ్లి గదిలో కూర్చోండి. పేరు చూసి నమ్మొద్దు, ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. పెద్ద పిల్లలు, చిన్నవాళ్లు ఒకే గదిలో ఉన్నారా? గంట మోగకుండా రెండు మూడు గంటలు ఒక పని మీద కూర్చోనిస్తున్నారా? పెద్ద పిల్లల నోట్‌బుక్‌లో పూసల్లేకుండా చేసిన లెక్కలు కనిపిస్తున్నాయా? పానగల్లు మ్యూజియానికి వెళ్లాలంటే బస్సు టైం, చార్జీ పిల్లలే కనుక్కుంటున్నారా, లేక అందరినీ వరుసలో నిలబెట్టి ఫొటో తీసి తెస్తున్నారా? ఈ చివరిదానిలో చాలా తెలిసిపోతుంది.

నవోదయ రాయించాలంటే ముందు ఆ బడికి ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. సీట్లలో కనీసం 75 శాతం పల్లె బడుల పిల్లలకే, టౌన్‌లో చదివేవాడికి పోటీ గట్టిగా ఉంటుంది. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు. అందులో 40 బొమ్మలు చూసి ఆలోచించేవి, లెక్కలు 20, భాష 20. లెక్కలు, బొమ్మలు మీవాడికి కొత్త కాదు. గడియారం చూసుకుంటూ జవాబు పత్రంలో సున్నాలు నింపడం కొత్త. అది ఆదివారం ఓ గంట పాత పేపర్లతో ఇంట్లోనే అలవాటు చేయండి, దానికోసం బడి మార్చక్కర్లేదు. ఎక్కాలు కూడా నోటికి రావాలి, ఆ ఒక్క విషయంలో నేను మీ మామయ్యగారి పార్టీ.

బడికి వెళ్లేటప్పుడు ఆయన్నీ తీసుకెళ్లండి. గోడ పక్కన కుర్చీ వేసి, మనవడికి ఏమీ చెప్పకుండా గంటసేపు కూర్చోమనండి. ఆయనకు అదే కష్టం.