వేయిస్తంభాల గుడి బొగ్గులా, బతుకమ్మ పసుపు ముద్దలా, ప్రింట్ చీకటిగా వస్తుంటే ఎడిటింగ్‌లో ఏం మార్చాలి?

అన్నా, మీరు అడిగినవి నాలుగు. వేయిస్తంభాల గుడి తీస్తే ఆకాశం తెల్లగా పోయి రాయి బొగ్గులా వస్తోంది. బతుకమ్మ మీది పూలు పసుపు ముద్దలా కలిసిపోతున్నాయి. హనుమకొండలో వేయించిన 12×18 ప్రింట్ చీకటిగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా? చివరిదానికి ఒక్క ముక్కలో చెప్తా: అక్కర్లేదు. ఇక ప్రింట్ సంగతి ముందు తేల్చుకోవాలి. మీ స్క్రీన్ సరిగ్గా లేనంతకాలం మిగతా రెండూ సరిచేసినా సరైందో లేదో మీకు తెలియదు.

లాప్‌టాప్ బ్రైట్‌నెస్ నిండా పెట్టి ఎడిట్ చేస్తే ఫోటో ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తుంది, మీరు ఎక్స్‌పోజర్ తగ్గించేస్తారు. కాగితానికి సొంత వెలుగు ఉండదు కాబట్టి ప్రింట్ చీకటిగా వస్తుంది. చాలాసార్లు తప్పు ల్యాబ్‌ది కాదు. ఖాళీ తెల్ల డాక్యుమెంట్ తెరిచి, పక్కన ఒక ఏ4 కాగితం పట్టుకోండి. గదిలో మామూలు లైటు ఉండాలి. రెండూ ఇంచుమించు ఒకే తెలుపుగా కనిపించేదాకా బ్రైట్‌నెస్ దించండి. స్క్రీన్‌ను పసుపుగా చేసే నైట్ లైట్ ఆపేయండి. ఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్లయితే డిస్‌ప్లే సెట్టింగుల్లో వివిడ్ తీసేసి నేచురల్ పెట్టండి, లేదంటే రంగులన్నీ అబద్ధమే. స్క్రీన్ రంగులు కొలిచి సరిచేసే కాలిబ్రేషన్ పరికరం ఉంటే మంచిదే కానీ, దాని కోసం ఆగక్కర్లేదు. అది లేనప్పుడు హిస్టోగ్రామ్‌ను (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా ఫోటోలో ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) చూసి ఎడిట్ చేయండి. స్క్రీన్ ఎలా ఉన్నా దాని లెక్క మారదు.

ఇక గుడి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ రాలో (కెమెరా సెన్సర్ పట్టినదంతా కుదించకుండా ఉంచే ఫైలు) 16,384. నీడలు పైకి లేపాలంటే రా తప్పనిసరి. మండపం లోపల నిలబడి బయటికి తీసేటప్పుడు ఆకాశం కాలిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టుకుని, రాయిని తర్వాత లేపాలి. తిరగేసి చేస్తే లాభం లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింట్లోనూ నిండిపోయిన ఆకాశంలో తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. ఐఎస్ఓ 100లో తీస్తే ఈమధ్య కెమెరాల్లో రెండున్నర, మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) దాకా నీడలు లేస్తాయి. పాత ఎంట్రీ లెవెల్ బాడీల్లో రెండు దాటగానే రంగు మచ్చలు, అడ్డగీతలు బయటపడతాయి. అట్లాంటప్పుడు మూడు షాట్లు తీయండి: 1/800, 1/200, 1/50. అపర్చర్, ఐఎస్ఓ మార్చొద్దు. కెమెరాలో బ్రాకెటింగ్ (వేర్వేరు వెలుగుల్లో వరుసగా తీసే సదుపాయం) లేకపోతే మాన్యువల్ మోడ్‌లో షటర్ ఒక్కటే తిప్పితే సరిపోతుంది. 18 ఎంఎం దగ్గర 1/50 చేత్తో పట్టుకుని తీయొచ్చు, స్తంభానికి ఆనుకుంటే ఇంకా నయం. చేత్తో తీసిన వాటిని హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలపండి, అది ఫ్రేములను ఒకదానిమీద ఒకటి సర్దుతుంది. డార్క్‌టేబుల్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని హెచ్‌డీఆర్ (షాట్లను కలిపే సదుపాయం) ఆ సర్దుబాటు చేయదు, ట్రైపాడ్ లేకపోతే అంచులు రెండేసి కనిపిస్తాయి.

ఇంకో చిక్కుంది. గుడి స్తంభాలు నునుపు పెట్టిన నల్లరాయి, అద్దంలా ఆకాశాన్ని చూపిస్తాయి. నీడలు లేపగానే రాయికి నీలం పులుముకున్నట్టు వచ్చేది అందుకే. ఫోటో మొత్తానికి వెచ్చదనం పెంచితే నేల, మనుషులు పసుపెక్కిపోతారు. స్తంభాల మీద మాత్రమే మాస్క్ (ఎడిట్‌ను ఆ చోటుకే పరిమితం చేసే హద్దు) గీసి, అక్కడ నీలం సాచురేషన్ 30 నుంచి 40 తగ్గించండి. నల్లరాయే ఫ్రేమంతా నిండితే కథ తిరగబడుతుంది. కెమెరా దాన్ని బూడిద రంగు చేయాలని చూస్తుంది. అప్పుడు తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 2/3 నుంచి మైనస్ 1 పెట్టండి.

రామప్పకు వెళ్తే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో వదలకండి. ఎర్రటి ఇసుకరాయి ఫ్రేమంతా ఉంటే ఆటో దాన్ని తప్పనుకుని ఎరుపును తినేస్తుంది, గుడి మట్టి రంగులోకి దిగిపోతుంది. ఎండలో 5200-5500 కెల్విన్ దగ్గర నిలపండి. రాయి ఎరుపు, నల్లరాతి మదనికల (నర్తకి శిల్పాల) నలుపు రెండూ విడిగా తెలిస్తే మీ బ్యాలెన్స్ సరిగ్గా ఉన్నట్టు. వైట్ బ్యాలెన్స్ సరిచూసే బూడిద కార్డు బదులు ప్రింటర్ కాగితం వాడమని కొందరు చెప్తారు, నా మాట విని మానండి. ఆ కాగితంలో మెరుపు కోసం కలిపిన రసాయనం నీలంగా వెలుగుతుంది, సాఫ్ట్‌వేర్‌లో తెలుపును ఎంచుకునే పికర్ దాన్ని సరిచేయబోయి ఫోటోను పసుపు చేస్తుంది.

బతుకమ్మ దగ్గర అందరూ చేసే తప్పు సాచురేషన్ పెంచడం. తంగేడు పసుపుకు ఎరుపు, ఆకుపచ్చ చానెళ్లు రెండూ హిస్టోగ్రామ్ కుడి గోడకు తగులుతాయి, నీలం సున్నాకు పడిపోతుంది. బంతికి ముందు ఎరుపు పోతుంది. చానెళ్లు అట్లా అంచుల్లో ఇరుక్కున్నాక రేకుకూ రేకుకూ తేడా చెప్పేది ఏమీ ఉండదు, మీకు కనిపించే ముద్ద అదే. కెమెరా వెనక తెల్ల హిస్టోగ్రామ్ ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. మూడు రంగులనూ విడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోండి. ఎరుపు గీత కుడివైపు గోడెక్కితే 2/3 స్టాపు తగ్గించి మళ్లీ తీయండి. ఎడిటింగ్‌లో మొదట ప్రొఫైల్‌ను (ఫోటో రంగుల శైలి) వివిడ్ నుంచి న్యూట్రల్‌కు మార్చండి, సగం రేకులు అక్కడే తిరిగొస్తాయి. తర్వాత కలర్ మిక్సర్‌లో (డార్క్‌టేబుల్‌లో కలర్ జోన్స్) పసుపు, నారింజ లూమినెన్స్ (ఆ రంగు వెలుగు) 10 నుంచి 20 తగ్గించి, సాచురేషన్ కూడా ఓ 10 దించండి. తగ్గిస్తే పూలు వాడిపోయినట్టు అవుతాయని భయపడకండి, రేకుల గీతలు కనిపించేసరికి ఇంకా తాజాగా ఉంటాయి. రంగు అద్దిన గునుగు, అందులోనూ గులాబీ రంగుది, ఎస్ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్లు చూపే రంగుల పరిధి) లో పూర్తిగా పట్టదు. దాని సాచురేషన్ విడిగా తగ్గించాల్సిందే.

సద్దుల బతుకమ్మ రోజు రాత్రి హనుమకొండ పద్మాక్షి గుట్ట కింద తీసేవాళ్లకు ఇంకో బెడద ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షటర్ 1/250 పెడితే ఫోటోలో అడ్డంగా చీకటి పట్టీలు వస్తాయి, ఏ సాఫ్ట్‌వేరూ వాటిని శుభ్రంగా తీయలేదు. 1/100 పెట్టి ఐఎస్ఓ 1600-3200 దాకా పోండి. వైట్ బ్యాలెన్స్ ఆడవాళ్ల ముఖాలకు సరిపోయేట్టు పెట్టుకుని, పూలను మాస్క్‌తో విడిగా చూసుకోండి. నాయిస్ తగ్గింపు మరీ లాగితే చీర జరీ మైనంలా అయిపోతుంది, కొంచెం గ్రెయిన్ (చిన్న చుక్కల గరుకు) మిగలనివ్వండి.

స్తంభాలు వెనక్కి వాలినట్టుంటే పర్‌స్పెక్టివ్ కరెక్షన్ వాడండి. కానీ అంచులు కోత పడతాయి, అందుకే తీసేటప్పుడే చుట్టూ కొంత ఖాళీ వదలాలి. షార్పెనింగ్ చిట్టచివర, 100 శాతం జూమ్‌లో చూస్తూ.

ప్రింట్‌కు 12×18 అంటే అంగుళానికి 300 లెక్కన 3600×5400 పిక్సెళ్లు, 24 మెగాపిక్సెల్ కెమెరాకు సరిగ్గా సరిపోతుంది. ఎస్ఆర్‌జీబీ జేపెగ్, క్వాలిటీ 90 పైన ఉండాలి. అంతకంటే పెద్ద రంగుల పరిధి ఉన్న అడోబ్ ఆర్‌జీబీ ఇస్తే, ప్రొఫైల్ పట్టించుకోని ల్యాబ్‌లో రంగులు చప్పబడతాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్‌డ్రైవ్ ఇవ్వండి. పెద్ద ప్రింట్‌కు ముందు అదే ఫోటోను ఉన్నదున్నట్టుగా, ఎక్స్‌పోజర్ ప్లస్ 0.3తో, ప్లస్ 0.6తో మూడు 4×6లు వేయించండి. కౌంటర్‌లో ‘కలర్ కరెక్షన్ వద్దు’ అని చెప్పడం మరిచిపోతే ఆ పరీక్షకు అర్థం లేదు, వాళ్ల మెషిన్ మూడింటినీ ఒక్కటి చేసేస్తుంది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం. కెనాన్ వాళ్లకు డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్ వాళ్లకు ఎన్ఎక్స్ స్టూడియో కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. కొత్తవాళ్లు తమ కెమెరా కంపెనీ ఇచ్చినదాంతో మొదలుపెట్టడమే మేలు, కెమెరా రంగులు అట్లాగే వస్తాయి. డార్క్‌టేబుల్ బలం ఎక్కువ, విసిగించడమూ ఎక్కువే. 4 జీబీ ర్యామ్‌తో ఈడుస్తుంది, 8 ఉంటే నయం. అందులో కలర్ కాలిబ్రేషన్ వాడుతుంటే వైట్ బ్యాలెన్స్ మాడ్యూల్‌ను కెమెరా రెఫరెన్స్ దగ్గరే వదిలేయండి, రెండుచోట్లా మారిస్తే సవరణ రెండింతలవుతుంది. ఎడిట్లు రా పక్కన ఎక్స్ఎంపీ ఫైల్‌లో కూడా ఉంటాయి, ఫోల్డర్ వేరే కంప్యూటర్‌కు మార్చేటప్పుడు అవి కూడా వెళ్లాలి. ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్ యాప్ డీఎన్‌జీ (ఒక రకం రా ఫైలు) తెరుస్తుంది. లైట్‌రూమ్ మొబైల్‌లో రా ఎడిటింగ్‌కు డబ్బు కట్టాలి.

నేర్చుకోవడానికి రాథెరపీ వాళ్ల వివరణల సైటు రాపీడియా, డార్క్‌టేబుల్ మాన్యువల్ చాలు. పిక్సల్స్ డాట్ యూఎస్ (pixls.us) చర్చావేదికలో ప్లేరా అని ఒక విభాగం ఉంది. మీ రా ఫైల్ పెడితే వేర్వేరు మంది ఎడిట్ చేసి, చాలాసార్లు ఎక్స్ఎంపీతో సహా ఇస్తారు, తెరిచి ఏ మాడ్యూల్ ఎంత కదిపారో చూసుకోవచ్చు. ఇంగ్లీషులోనే నడుస్తుంది కానీ స్లైడర్ అంకెలు చదవడానికి భాష అక్కర్లేదు. ముందు ఆ పసుపు ముద్దయిన బతుకమ్మ ఫైలే పెట్టండి.