ఆయన వెళ్ళిపోయాక ఏమన్నారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మహేంద్రతనయ ఏట్లో గేదెలు కడిగే చోటు బాగా రాశావు. మూడో పేజీకి వచ్చేసరికి చిర్రెత్తి పక్కన పడేశాను. మర్నాడు మళ్ళీ తీశాను.

దొరగారి మేడ ముందుకు రాగానే తాత చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంటాడు. అంతవరకూ కథే. వెంటనే 'దొరగారంటే తాతకు అపారమైన గౌరవం' అని తగిలించావు. ఎవరు చెప్పారు నీకు? తాత చెప్పాడా? చెప్పులు విప్పకపోతే ఏమయ్యేదో ఆయనకు తెలుసు. దాన్ని భయం అంటారు. మన పెద్దలు భయభక్తులు అని రెంటినీ కలిపేసి పిల్లలకు నూరిపోశారు. కథ రాసేవాళ్ళు చెయ్యాల్సిన పని వాటిని విడదీయడం.

ఎలాగంటావా? ఆ మనిషి అక్కడ లేనప్పుడు జనం ఏమంటున్నారో విను. ఎదురుగా ఉంటే అందరూ మీరనే అంటారు. వీపు తిప్పాక 'వచ్చారు' అంటున్నారా, 'వచ్చాడు' అంటున్నారా? మీ ఊళ్ళో ఒడియావాళ్ళ మాటల్లోనూ వినొచ్చు: ఆసిలే అంటే మన్నన ఉంది, ఆసిలా అంటే లేదు. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఈ కొలత పనికిరాదు. అమ్మ వచ్చింది అనే అంటాం. 'అమ్మగారు వచ్చారు' అన్నామంటే ఇంట్లో ఏదో గొడవ జరిగిందన్నమాట.

ఒడిశాలోని బరంపురంలో పట్టుచీరల కొట్లో పద్దులు రాసేవాణ్ణి. సావుకారు గల్లాపెట్టె దగ్గర ఉన్నంతసేపూ 'బాబూ, తవరు' అనేవాళ్ళు. భోజనానికి వెళ్ళాడంటే చాలు, 'ఆడు' అయిపోయేవాడు. అదే కొట్టుకి ఒక ముసలి నేతగాడు చీరలు తెచ్చేవారు. మడత విప్పి, అంచు వెంబడి వేలితో తడుముకుంటూ వచ్చి, పోగు తెగిన చోట ఆగి తనే చూపించేవారు. ధర తగ్గిస్తారని తెలిసి కూడా. మా గుమాస్తాలు ఆయన్ని 'నువ్వు' అనేవారు. 'తాతా, కూకో' అనేవారు. ఆయన రాని వారం మాత్రం, 'ముసలాయన రానేదేటి, ఒంట్లో బాగున్నారో నేదో' అని వాళ్ళలో వాళ్ళే అనుకునేవారు.

దాన్నే కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చులో చూసుకుంటే 'తాతా, కూకో' కాస్తా 'కూర్చోండి తాతగారూ' అయింది. ఇదేమిటని ఉత్తరం రాస్తే, 'తెలుగు పాఠకులకు అర్థం కావాలి కదా' అని ఎడిటరు జవాబు. ఒడిశాలో ఉన్నవాళ్ళం తెలుగు పాఠకులం కాము కాబోలు! ఇప్పటికీ ఆ పత్రిక పేరు వింటే ఒళ్ళు మండుతుంది.

నీది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడే బడిపంతులుగా ఉండి, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పండితులతో పోట్లాడారు. 1936లో ఆ ఊరిని ఒడిశాలో కలిపేశారని ఊరే విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండేసి, 'ఆ మహనీయుని పాదపద్మములకు ప్రణమిల్లుతూ' అని మైకులో మొదలుపెడతారు. ఆయన జీవితమంతా వద్దన్న భాషలోనే! ఫేస్‌బుక్‌లో అయితే కవిత రాసిన ప్రతివాడికీ శతకోటి వందనాలు. నువ్వూ తక్కువ తినలేదు. నాకు రాసిన ఉత్తరంలో 'పరమ పూజ్యులు, గురుతుల్యులు' అన్నావు. మనం ఒకరినొకరం చూసుకున్నది కూడా లేదు.

కలం పేరు సంగతీ, పోటీ సంగతీ అడిగావు. వాటి గురించి నాకేమీ తోచదు.

కథ తిప్పి పంపుతున్నాను. 'అపారమైన', 'ఎనలేని', 'భక్తిప్రపత్తులతో' అన్నీ ఎర్రసిరాతో కొట్టేశాను. చెప్పులు ఉంచాను. ఒక్క సీను తక్కువైంది. తాత పోయాడని కబురు తెలిసినప్పుడు మేడలో వాళ్ళు భోజనాల దగ్గర ఉన్నారని రాసి వదిలేశావు. అక్కడ దొర కొడుకు నోరు విప్పాలి. 'పోయారట' అన్నాడా, 'పోయాడట' అన్నాడా?